రంగు కడిగిన మామ

నెల్లికుదురు నుంచి తమ్ముడు పొద్దున్నే ఫోన్‌లో ఒక ఫొటో పంపాడు. ఎవరో బక్కచిక్కిన ముసలాయన, ముక్కులో దూది, మెడలో బంతిపూల దండ. ఎవరని అడిగితే, చిందు భాగోతంలో మనల్ని నవ్వించిన మామ పోయాడన్నాడు. పొయ్యి మీది పాలు పొంగిపోతున్నా నేను కదల్లేదు. మా ఆయన బొగ్గుబాయి డ్యూటీ నుంచి రాకముందే భూపాలపల్లిలో బస్సెక్కాను. మామ చివరిచూపు దక్కితే చాలనుకున్నాను.

చిన్నప్పుడు మా వాడకు చిందు మేళం వస్తే రాజెవరో రాణెవరో మాకు పట్టేది కాదు. రాజు కత్తి దూసి గర్జిస్తుంటే, మామ చేటను గొడుగులా పట్టుకొని జనంలోంచి లేచి వచ్చేవాడు. "రాజా, జర మెల్లగ. పిల్లలు పండుకున్నరు" అనేవాడు. ఇంకెక్కడి రాజు! సామాన్యంగా నవ్వని మా నాయనమ్మ కూడా కొంగు నోట్లో కుక్కుకునేది. ఆట అయ్యాక ఆ రంగు కడగకుండానే ఇల్లిల్లూ తిరిగి వడ్లు అడగడం వాళ్ళ ఆనవాయితీ. మా గడపలో కూర్చుని, రాజుగారికి ఆకలవుతున్నదట అంటూ నా పళ్ళెంలోని తొక్కు కలిపిన అన్నం ముద్ద తానే మింగేవాడు. నేను అలిగి ఏడ్చేదాన్ని. మళ్ళీ ఏడు ఎప్పుడొస్తాడా అని ఎదురుచూసేదాన్ని. పసుపు ముఖం, తెల్లటి కనుబొమలు, చెంపల మీద నల్ల చుక్కలు, అదే మాకు తెలిసిన మామ. రంగు కడుక్కునేది వాళ్ళ పల్లెకు పోయాకే.

ఆ పల్లెలోనే, వాళ్ళ వాకిట్లో ఆయన్ని పడుకోబెట్టారు. ఎంతసేపు చూసినా ఆ ముఖంలో మామ దొరకలేదు. ఏడుపు రాలేదు. నాలాగే వచ్చినవాళ్ళు ఒకరినొకరు చూసుకుంటున్నారు. చివరికి మేళంలో ఆయనతో ఆడినతను రంగు డబ్బా తెచ్చాడు. అందరూ గుర్తుపట్టేలా ఆఖరిసారి వేషం వేసి సాగనంపుదామన్నాడు. నలుగురూ సరేనన్నారు. వేస్తే బాగుండునని నా ప్రాణమూ కొట్టుకుంది.

మామ తల దగ్గర కూర్చున్న అత్త, ఆయన భార్య, చెయ్యి అడ్డం పెట్టింది.

"గా మొఖం ఊరిది. మీరు కండ్లనిండ చూసిన్రు. గీ మొఖం ఒక్కటే నాది. గిదన్న నాకు ఉండనియ్యున్రి."

అతను డబ్బా మూత పెట్టేశాడు. అత్త కొంగుతో ఆయన చెంప తుడిచింది. ఆ చెంప మీద తుడవడానికి ఏమీ లేదు. అప్పుడు ఏడ్చాను, వెక్కి వెక్కి, చిన్నపిల్లలా.

ఆ రోజు మట్టిలో కలిసింది అత్త మనిషి. నా మామ ఏదో ఒక ఏడు వచ్చి వెళ్ళాక మళ్ళీ రానే లేదు. అదే ఆఖరని కాలం ఆ పొద్దు మాకెవరికీ చెప్పలేదు.