తట్టి చూసే వీరుడు

రేకుల కింద కూర్చునే ముందు నేనిప్పటికీ ఒకసారి పైకి చూస్తాను.

ఏళ్ల కిందట, మందమర్రి బస్టాండులో సాహస నవల చదువుతున్నాను. అందులో వీరుడు ఏ గుహకు వెళ్లినా పైకప్పును కర్రతో కొట్టి, చప్పుడు విన్నాకే అడుగు వేస్తాడు. అంతలో ఒక పెద్దాయన వచ్చి, గొడుగుతో పైరేకులు తట్టి, విని, నా పక్కన కూర్చున్నాడు.

నవ్వొచ్చి పుస్తకం చూపించాను. "మీరూ ఇతనిలాగే చేశారే!"

"గీ పుస్తకం నేనే రాసిన, బిడ్డా."

"అయితే ఈ వీరుడు మీరేనా?"

"నాకు గంత ధైర్యం యాడిది? వాడు మా తమ్ముడు. బొగ్గుబాయిల కప్పు కొట్టి సూడకుండనే లోపలికి పోయిండు. మీద కూలింది."

గొడుగు కొననే చూస్తూ అన్నాడు.

"ఎంత చెప్పినా గప్పుడు ఇనలే. పుస్తకంల ఇంటుండు."