గోడ చాటున పెరిగిన కాక్టస్

2022 మార్చి. పెందుర్తిలో నేను నర్సరీ పెట్టి అప్పటికి పద్దెనిమిదేళ్లు. గులాబీలు, క్రోటన్లు అమ్మేవాళ్లు బోలెడుమంది. పెద్ద కాక్టస్‌ని వేళ్లతో సహా తీసి ఇంకోచోట నాటేవాణ్ని మాత్రం ఆ చుట్టుపక్కల నేనొక్కణ్ణే. ఆ గర్వం కాస్త ఎక్కువే ఉండేది, దాచడమెందుకు?

స్టీల్ టౌన్‌షిప్ నుంచి సూరమ్మగారు ఫోన్ చేశారు. భర్త క్రేన్ ఆపరేటర్‌గా చేసి రిటైరయ్యారట. నెలాఖరుకి క్వార్టర్ ఖాళీ చేసి, పెందుర్తిలో కట్టుకున్న ఇంటికి మారాలి. పెరట్లో కాక్టస్ ఉంది, అది రాకపోతే ఆవిడ బండెక్కరట.

వెళ్లి చూద్దును కదా, రెండు నిలువుల ఎత్తు! కాలమ్నర్ కాక్టస్, అంటే ఆకుల్లేకుండా స్తంభంలా లేచే ఎడారి జాతి. మనవాళ్లు బ్రహ్మజెముడనేస్తారు. మొదట కొన్నేళ్లు దీని ఎదుగుదల కంటికే ఆనదు. వేరు కుదిరాకే పైకి లేస్తుంది.

"వేలెడు ముక్క తెచ్చి ఎట్టినాను బాబూ. పెళ్లయి వొచ్చిన కొత్తలో ఇక్కడ నాకు తెలిసినోళ్లెవరూ నేరు. దీంతోనే మాటాడీదాన్ని," అన్నారావిడ.

"ముళ్ల మొక్కతో కబుర్లేంటమ్మా?" అని నవ్వాను.

"మా అత్త కూడా అలాగే నవ్వీది. ముళ్ల సెట్టు ఇంటి ముందుంటే గొడవలొత్తాయని పెరట్లో గోడకి ఆనించి ఎట్టించినాది. కొత్తింట్లో నా ఇష్టం. ఈది గుమ్మం పక్కనే ఎడతాను."

పాత పరుపులు చుట్టి, బెల్టులు వేసి చిన్న క్రేన్‌తో లేపాం. ముప్పై ఏళ్లు టన్నుల బరువులు దించిన ఆవిడ భర్త, కొత్తింటి దగ్గర దీన్ని దించేటప్పుడు మాత్రం "నెమ్మది, నెమ్మది" అంటూ చెమటలు కక్కారు.

ఇన్నాళ్లూ గోడకేసి ఉన్న వైపు ఒక్క మచ్చ లేకుండా, లేతాకుపచ్చగా మెరుస్తోంది. రెండోవైపు గరుకుగా, బూడిద రంగులో ఉంది. వీధి గుమ్మం పక్కన నాటేటప్పుడు, చూసేవాళ్లకి ముచ్చటగా ఉంటుందని నున్నటి వైపు రోడ్డుకి తిప్పించాను. ఆ ఇల్లు పడమటి ముఖం.

"నెల రోజులు చుక్క నీరు పోయొద్దు," అని మరీమరీ చెప్పాను. తెగిన వేళ్లు ఆరకముందే తడి తగిలితే రూట్ రాట్, అంటే వేరుకుళ్లు, పట్టుకుంటుంది. ఒంట్లో దాచుకున్న నీళ్లతోనే కాక్టస్ నెలల తరబడి బతకగలదు.

మూడు వారాలకి ఫోన్. "పసుపురంగు తిరిగిపోతంది బాబూ. ఓపాలి రా."

వెళ్లాను. నా నోరు మంచిది కాదు. "నీళ్లు పోసేశారు కదూ! మీ ప్రేమే దాన్ని చంపేస్తోంది," అని కసిరాను.

"సుక్క కూడా ఎయ్యనేదు. దాన్ని సూసి నాకే దాహమేసింది గాని, ఎయ్యనేదు."

నేను నమ్మలేదు. కుళ్లు పైకి పాకకముందే మంచి భాగం కోసి మళ్లీ నాటుకోవడమే దారి. కత్తి తీశాను. ఆవిడ వచ్చి అడ్డంగా నిలబడ్డారు.

"ఆగు బాబూ. ఈ వేపే కదా పాడయింది? ఎనక బాగానే ఉంది. ఈ వేపు పుట్టినకాడి నుంచి గోడే సూసినాది. ఎండెరగదు."

చేయి అక్కడే ఆగిపోయింది. బొటనవేలితో నొక్కి చూశాను. కుళ్లితే మెత్తగా దిగబడాలి, వాసన రావాలి. రాయిలా ఉంది. సన్‌బర్న్. ఎండకి అలవాటు లేని చర్మాన్ని తీసుకెళ్లి పడమటెండకి అప్పగించింది నేను! సిగ్గుతో తలెత్తలేకపోయాను.

మళ్లీ తిప్పుదామంటే అప్పుడే పుడుతున్న వేళ్లు తెగిపోతాయి. నీడకి కట్టే షేడ్ నెట్ తెస్తానన్నాను. నేను తెచ్చేలోపే ఆవిడ తన పాత నేతచీర కట్టేశారు. మధ్యాహ్నం కప్పడం, సాయంత్రం తీయడం. ఎండని రోజుకి కాస్త చొప్పున అలవాటు చేశారు. ఆ వేసవంతా నేను రెండ్రోజులకోసారి అటే వెళ్లేవాణ్ని, పనున్నా లేకపోయినా.

వానలు మొదలయ్యాక ఒక పొద్దున్న ఫోన్ చేసి, "బాబూ, కొనకి కొత్త ముళ్లొచ్చినాయి, ఎర్రగా..." అన్నారు.

వెళ్లి క్షమించమని అడిగాను. కాలిన చోట మచ్చ బెరడులా గట్టిపడింది, ఇక ఎన్నటికీ పచ్చబడదు. ఆవిడ దాన్ని చూస్తూ అన్నారు:

"నీదొక్కడిదే తప్పేటి? ఈది గుమ్మంలో ఉండాలని నానే సరదాపడ్డాను. ఇద్దరం కలిసే కాల్సినాం. అదే ఓర్సుకున్నాది పాపం."

ఇప్పుడు ఎక్కడికెళ్లినా పార తీయకముందు, పెంచినవాళ్లతో కాసేపు కూర్చుంటాను. ఎటు ఎండ పడేదో, ఎటు నీడో, ఏ ఏడాది బెంగపడిందో అన్నీ అడుగుతాను. కాక్టస్‌ల గురించి నాకు తెలుసు. ఆ ఒక్క కాక్టస్ గురించి మాత్రం వాళ్లకే తెలుసు.