ఫసాడ్‌కు రెండో అర్థం

మా ఇంగ్లీషు టీచర్ పోయారని తెలిసినప్పుడు నా చేతిలో మైకు ఉంది. వికారాబాద్ బస్టాండులో ఏ బస్సు ఎక్కడ ఆగిందో, ఎటు పోతుందో చెప్పడం నా ఉద్యోగం. పరిగి బస్సు సంగతి చెప్పి మైకు కింద పెట్టబోతుంటే ఫోను మోగింది. తాండూరులో నాతో పదో తరగతి చదివిన స్నేహితురాలు. "టీచర్ పోయిందే. నిద్రలనే పానం పోయిందట. మాపటికి బంట్వారంల మట్టి," అంది. బంట్వారం టీచర్ పుట్టిన ఊరు. ఉద్యోగమంతా తాండూరులోనే చేసినా, తల్లిదండ్రుల సమాధుల పక్కన తనకూ చోటు ఉంచమని ఎప్పుడో చెప్పి పెట్టుకున్నారట.

ఆమెను ఎరగనివాళ్లకు ఆమె గురించి చెప్పాలంటే మాట దగ్గరే మొదలుపెట్టాలి. టీచర్ చాలా నెమ్మదిగా మాట్లాడేవారు. ఏదైనా అడిగితే వెంటనే జవాబు వచ్చేది కాదు. కళ్లద్దాలు తీసి, కొంగుతో తుడిచి, మళ్లీ పెట్టుకుని అప్పుడు చెప్పేవారు. ఆ చెప్పేది కూడా మామూలుగా ఉండేది కాదు. "పుస్తకాలు తెరవండి" అనేది ప్రతి టీచరూ అనే మాట. ఈమె మాత్రం "నిన్న ఆగిన చోటికి వెళ్దాం" అనేవారు. కూలి చేసుకునే ఇంట్లో పుట్టిన మనిషికి ఇంత టెక్కేమిటని ఊళ్లో కొందరు ఆమె వెనకాల మూతి తిప్పేవారు. మాకు మాత్రం ఆమె రాణిగారే. క్లాసులో కొందరిని అసలు పేర్లతో పిలిచేవారు కాదు. పద్మను "చిట్టీ" అనేవారు, బాలరాజును "నాయనా" అనేవారు. మిగతావాళ్లం ఆ ముద్దుపేర్లు మాకెందుకు లేవని కుళ్లుకునేవాళ్లం.

నాకు నత్తి. ప వచ్చినా, బ వచ్చినా పెదవులు అతుక్కుపోయేవి. మాది మేకలు కాసుకునే కుటుంబం. ఇంట్లో ఎవరూ నా నోటి గురించి పట్టించుకోలేదు కానీ బడి అలా ఊరుకోదు కదా. అందుకని నేను ఏమీ రాని పిల్లగా బతికాను. జవాబు తెలిసినా తల అడ్డంగా ఊపితే పని అయిపోతుంది. మొద్దు అంటే అననీ, నత్తిది అనకుంటే చాలనుకున్నాను. పదో తరగతికి వచ్చేసరికి ఆ నటన కూడా విసుగెత్తింది. బడి మానేసి మేకల వెంట వస్తానని అమ్మతో చెప్పేశాను. అమ్మ వద్దనలేదు. మేకలు ఎవరినీ నిలబెట్టి ప్రశ్నలు అడగవు.

అలా మానేద్దామనుకున్న రోజుల్లోనే టీచర్ ఒక పొద్దున బోర్డు మీద facade అనే ఇంగ్లీషు మాట రాశారు. మేమంతా దాన్ని "ఫకేడ్" అని చదివాం. ఆమె తల ఊపి, సి అక్షరం కింద చిన్న తోక గీసి, పక్కనే తెలుగులో "ఫసాడ్" అని రాశారు. నోటితో మాత్రం అనలేదు. వెనక బెంచీ నుంచి బాలరాజు లేచి, "మా గల్లీల రోజు ఫసాదే టీచర్," అన్నాడు. మా దగ్గర ఫసాద్ అంటే కొట్లాట. క్లాసంతా గొల్లుమంది. టీచర్ కూడా నవ్వారు. ఈ రెండు మాటలకూ చుట్టరికం ఏమీ లేదని, కాకపోతే ఇంటి ముందు భాగం మీద మోజు మరీ ఎక్కువైతే ఆ ఇంట్లో జరిగేది అదేనని అన్నారు.

తర్వాత అర్థం చెప్పారు. మొదటిది, ఇంటికి రోడ్డు వైపు కనిపించే ముఖం. మా తాండూరు పిల్లలకు అది వేరే చెప్పక్కర్లేదు. కొత్త ఇళ్లకు ముందు వైపు మాత్రం నున్నగా పాలిష్ పట్టిన రాయి అతికించి, మిగతా మూడు వైపులా ఇటుకలు అలాగే వదిలేయడం రోజూ చూసేదే. రెండో అర్థం, లోపల ఉన్నది కనబడకుండా మనిషి పైకి నిలబెట్టుకునే రూపం. పుట్ అప్ ఎ ఫసాడ్ అంటే అలాంటి రూపం నిలబెట్టుకోవడం, బిహైండ్ ద ఫసాడ్ అంటే దాని వెనకాల ఉన్నది అని బోర్డు మీద రాసి, ఒక్కొక్కరినీ లేచి ఒక వాక్యం చెప్పమన్నారు.

నా వంతు వచ్చింది. తల అడ్డంగా ఊపాను. టీచర్ కూర్చోమనలేదు. చిన్నది చాలు, చెప్పమన్నారు. నోరు తెరిచాను. ఫ దగ్గర ఆగిపోయింది. ఎంత తోసినా పెదవులు దాటలేదు. ఎవరో కిసుక్కున నవ్వారు, ఆ నవ్వు పక్క బెంచీకి, ఆ పక్క బెంచీకి పాకింది. సంచీ భుజాన వేసుకున్నాను. ఆ పూటతో నా చదువు అయిపోయినట్టే.

టీచర్ కళ్లద్దాలు తీశారు. కానీ తుడవలేదు. నా బెంచీ దగ్గరికి నడిచి వచ్చి, నా పక్కన క్లాసు వైపు తిరిగి నిలబడ్డారు. బోర్డు మీది మాటను తను చెప్పడం మొదలుపెట్టారు. "ఫ..." అన్నారు. మళ్లీ "ఫ... ఫ..." అన్నారు. మొదట మేం ఆమె నన్ను వెక్కిరిస్తున్నారనుకున్నాం. తర్వాత ఆమె మెడ నరాలు ఉబ్బడం చూశాం. కళ్లు గట్టిగా మూసుకున్నారు. గడ్డం వణుకుతోంది. బయట పాలిషింగు యూనిట్ల దగ్గర రాయి కోసే మోత వినపడుతోంది. చాలాసేపటికి ఆ మాట బయటికి వచ్చింది.

"నాకు గూడ నత్తే," అన్నారు. ఆమె నోట మా ఊరి మాట వినడం అదే మొదలు. "చిన్నప్పటి సంది. గిన్నేండ్లు మీకెవ్వరికి కనవడకుంట ముందర ఒక గోడ నిలవెట్టుకున్న. గదే గీ మాటకు రెండో అర్థం. రాసుకోండ్రి."

ఎవరూ రాసుకోలేదు. నేను సంచీ మెల్లగా బెంచీ మీద పెట్టి కూర్చున్నాను.

మేం రాజసం అనుకున్నది రాజసం కాదు. ప్రతి వాక్యానికీ ముందుగా ఎక్కడ గుంత ఉందో చూసుకుని, పక్క నుంచి ఇంకో దారి వెతుక్కుని, అదీ మాకు అనుమానం రాకుండా నడిచి వచ్చేవారామె. అడ్డం తగిలే మాట ఒకటుంటే దాని బదులు చెప్పడానికి వేరే మాటలు సిద్ధంగా ఉండాలి. ఆమె ఇంగ్లీషు అంత పెద్దది అలాగే అయిందట. డిక్షనరీ ఆమె తెలివి కోసం చదవలేదు, తప్పించుకునే దారుల కోసం చదివారు. పద్మ చిట్టి ఎందుకైందో కూడా నాకు అప్పుడే తెలిసింది.

అయితే ఇదంతా మోసమేనా అని తర్వాత ఒకసారి అడిగాను. "ముందర రాయి అతికిస్తే ఇల్లు అబద్ధమైతదా బిడ్డా? లోపట మనిషున్నదా లేదా చూడాలె," అన్నారు. తన చిన్నతనం సంగతి కూడా చెప్పారు. వికారాబాద్‌లో చదువుకునే రోజుల్లో బస్సులో కండక్టర్ ముందు బంట్వారం అనే మాట నోటికి వచ్చేది కాదట. నోటికి వచ్చే పేరున్న ముందు స్టాపుకే టికెట్ తీసుకుని, అక్కడ దిగి, కంది చేల మధ్య నుంచి ఇంటికి నడిచిపోయేవారట. "నోరు తిరగకపాయె, కాళ్లు తిరిగినయ్," అని నవ్వేశారు. నేనూ నవ్వాను.

నేను చెప్పలేని మాటల ముందు "మన" అని పెట్టుకోమని నేర్పింది ఆమే. మ మీద ఎక్కి కూర్చుంటే బ దానంతటదే దిగుతుందనేవారు. ఇప్పటికీ మైకులో మన తాండూరు బస్సు, మన బంట్వారం బస్సు అని చెప్తుంటాను. ఈ అమ్మాయికి ఊళ్లంటే ఎంత ప్రేమో అని ప్రయాణికులు మురిసిపోతారు. నాకు ఉద్యోగం వచ్చిన కొత్తలో టీచర్ ఒకరోజు బస్టాండుకు వచ్చి, బెంచీ మీద కూర్చుని చాలాసేపు విన్నారు. పోతూ పోతూ నేను కూర్చునే గది కిటికీలోంచి, "నీ ఫసాడ్ మస్తున్నది," అని మెల్లగా అన్నారు.

టీచర్ పోయారని తెలిసిన ఆ రోజు, కాసేపటికి బంట్వారం బస్సు వచ్చి ఆగింది. మైకు తీసుకున్నాను. మన అనబోయి ఆగిపోయాను. ఆమె అంత మంది ముందు ఏ గోడను పడగొట్టుకున్నారో గుర్తొచ్చింది. "బ..." అన్నాను. ఇరుక్కుంది. స్తంభాల మీది స్పీకరు డబ్బాలన్నింటిలోంచి ఆ బ బస్టాండంతా వినపడుతోంది. బెంచీల మీది జనం తలలెత్తి చూశారు. మైకు దించలేదు. పక్క దారి వెతకలేదు. బంట్వారం అనే మాట చివరికి నోట్లోంచి వచ్చింది, నిదానంగానే వచ్చింది. ఒక ముసలామె మూట నెత్తికెత్తుకుని బస్సు వైపు నడిచింది.

పని తోటి ఉద్యోగికి అప్పగించి నేనూ ఆ బస్సే ఎక్కాను. కండక్టర్‌ను టీచర్ చిన్నప్పుడు దిగే ఆ ముందు స్టాపుకు టికెట్ అడిగాను. అక్కడ దిగింది నేనొక్కదాన్నే. దారికి రెండు వైపులా కంది పచ్చగా పూసి ఉంది. నడిచాను. ఒక గట్టు ఎక్కి దిగాను, వాగు దాటాను, మళ్లీ కంది చేలే వచ్చాయి. ఊరు ఇంకా కనిపించలేదు. ఇంత దూరమని ఆమె ఎన్నడూ చెప్పలేదు.