బయ్యారం దారిలో చలానా

కారు నేర్చుకున్న నాటి నుంచి నన్ను ఎడ్లబండి అని ఎగతాళి చేయనివాళ్లు మా ఇంట్లో లేరు. స్పీడు ముల్లు అరవై దాటితే నా అరచేతులకు చెమటలు పడతాయి. అట్లాంటి నాకు అతివేగానికి చలానా వచ్చిందంటే విన్నవాళ్లంతా నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

ఆ రోజు తెల్లవారుతుండగా బయ్యారం నుంచి ఫోన్ వచ్చింది. మా మేనత్త, బాపుకు తోడబుట్టిన అక్క, పోయింది. మధ్యాహ్నం దాటితే అమావాస్య తగులుతుందని, ఆలోపే శవాన్ని లేపుతామని అన్నారు. మాలో ఆడమనిషి చనిపోతే తల్లిగారింటి నుంచి కొత్త చీర వెళ్లాలి. ఆ చీర కప్పుకునే ఆమె కాటికి పోవాలి. తాత, నాయనమ్మ ఎప్పుడో పోయారు కాబట్టి ఇక ఆమెకు తల్లిగారిల్లంటే మా బాపే.

జనగామలో బట్టల దుకాణాలు అంత పొద్దున తెరవరు. పక్కింటి అక్క తన బీరువాలోంచి మడత విప్పని చీర తెచ్చి ఇవ్వబోయింది. బాపు ముట్టుకోలేదు. "తల్లిగారి చీర అడుక్కొచ్చి కప్పుతరా?" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. పోయిన మనిషికి ఏ చీరైతే ఏమిటన్న మాట నోటిదాకా వచ్చింది, మింగేశాను. బజారుకు పోయి ఒక దుకాణం షట్టర్ ముందు మెట్ల మీద ఇద్దరం కూర్చున్నాం. తెరవగానే బాపు ఆకుపచ్చ చీర ఒకటి తీసుకుని బేరమైనా ఆడకుండా కారెక్కాడు.

పాలకుర్తి దాటాక రోడ్డు సగానికి వడ్లు ఆరబోసి, చుట్టూ రాళ్లు పెట్టారు. ఎదురుగా వచ్చే లారీలకు దారిస్తూ పాకినట్టు పోయాం. తొర్రూరు దాటితే గానీ ఖాళీ రోడ్డు దొరకలేదు. ఒళ్లో చీర సంచి పట్టుకుని బాపు, "జర జల్ది పోనీ బిడ్డా" అని బతిమాలాడు. నన్ను ఎప్పుడూ ఏదీ బతిమాలని మనిషి. నా జన్మలో అంత వేగంగా నడపలేదు. చెట్టు కింద కెమెరా పెట్టుకుని నిలబడ్డ పోలీసు కనిపించాడు. చూసి కూడా బ్రేకు తొక్కలేదు.

మేము చేరేసరికి చితి అంటుకుంది. పక్కనున్న గార్లలో కొన్న చీర కప్పి సాగనంపారట. మా మామ, అత్త భర్త, బాపును చూసి మెల్లగా అన్నాడు.

"కారుల వచ్చి గూడ గింత ఆలిశమా, బామ్మర్దీ."

బాపు చీరను మంటలో వేద్దామని పోయి, సెగకు దగ్గరికి వెళ్లలేక సంచితోనే తిరిగొచ్చాడు. దుకాణం తెరవలేదని, రోడ్డు మీద వడ్లున్నాయని నేను చెప్పొచ్చు. కానీ అక్కడ నిలబడి చెబితే అవి సాకుల్లాగే ఉంటాయి. కారు తాళాలు చేతిలో తిప్పుతూ పక్కకు జరిగాను.

చలానా ఆ తర్వాత ఫోన్‌కు వచ్చింది. ఇప్పుడే కట్టకు, ఎప్పుడో ఒకప్పుడు తగ్గింపు ఇస్తారు, ఆగమని స్నేహితులు సలహా ఇచ్చారు. బాపు ఫోటో చూపించమన్నాడు. మా కారు ముందుభాగం, నంబరు, అద్దం మీద ఎండ. లోపల ఉన్న మేము కనిపించం. బాపుకు చదువు రాదు, ఏం రాశారని అడిగాడు. మితిమీరిన స్పీడుతో పోయామని రాశారన్నాను. అన్ని రోజుల తర్వాత ఆయన ముఖం తేటపడింది.

"గిది బావకు చూపెట్టాలె" అన్నాడు.

పెద్దకర్మ నాడు బయ్యారంలో భోజనాలయ్యాక బాపు మామ పక్కన చేరి, నా ఫోన్ అడిగి తీసుకుని ఆయన చేతిలో పెట్టాడు.

"సర్కారోళ్లే రాసిండ్రు బావా. మేం ఉరికిచ్చుకుంటనే వచ్చినం."

మామ కళ్లద్దాలు సర్దుకుని చాలాసేపు చూశాడు.

"బండి నిలవడ్డట్టే ఉన్నది గదా" అన్నాడు. కోపంతో కాదు, కనిపించిందే చెప్పాడు.

నేను వంగి, ఫోటో కింద ఉన్న స్పీడు అంకెను పెద్దది చేసి చూపించబోయాను. ఈలోగా ఎవరో పిలిస్తే మామ ఫోన్ బాపుకిచ్చి లేచిపోయాడు. బాపు ఆ ఫోటోనే చూస్తూ కూర్చున్నాడు.

తిరుగు దారిలో నేను మళ్లీ ఎడ్లబండిలాగే నడిపాను. చీర సంచి ఇంకా వెనక సీట్లోనే ఉంది. జనగామ దాకా బాపు ఒక్కసారి కూడా జల్ది పోనీ అనలేదు.