పాట పాడించే డాక్టరమ్మ

కంకిపాడులో మా వీధి చివర క్లినిక్ నడిపిన డాక్టరమ్మ పోయిన ఆదివారం కన్నుమూశారు. పిన్ని వచ్చి కబురు చెప్పగానే అమ్మ స్టవ్ కట్టేసి అక్కడే పీట మీద కూర్చుంది. "ఇంక మనల్ని తిట్టేదెవరే," అంది. ఆ తిట్ల వల్ల మా ఇంటికి ఏం దక్కిందో చెప్పాలనే ఇది రాస్తున్నాను.

నేను ఇంటర్ చదివేటప్పుడు అమ్మకు గర్భసంచి తీసేశారు. గడ్డలు, ఆగని రక్తస్రావం. విజయవాడలో ఆపరేషన్ బాగానే జరిగింది. రక్తస్రావం ఆగింది. కానీ కొన్నాళ్లకు దగ్గినా, తుమ్మినా, నవ్వినా చీర తడిసేది. అమ్మ ఎవరికీ చెప్పలేదు. చర్చిలో ముందు నిలబడి పాటలు ఎత్తుకునే మనిషి తలుపు పక్కకు జరిగింది. ఆదివారం పొద్దున నీళ్లు తాగడం మానేసింది. ఆ తర్వాత చర్చికి వెళ్లడమే మానేసింది. ఇంట్లో ఎవరైనా జోకు మొదలుపెడితే లేచి పెరట్లోకి వెళ్లిపోయేది. అమ్మకు మా మాటలు నచ్చడం లేదనుకునేవాళ్లం.

చివరికి మూత్రంలో మంట మొదలైతే నేనే క్లినిక్‌కి తీసుకెళ్లాను.

"కింద బాగుండట్లేదండీ," అంది అమ్మ తల వంచుకుని.

"కింద అంటే? మోకాలా, మడమా?"

అమ్మ నా వైపు చూసింది. కొత్త మాట కనబడితే చాలు నోట్సులో రాసి దాచుకునే నాకు, అమ్మ ఒంటి గురించి చెప్పడానికి ఒక్క మాటా రాలేదు.

"గర్భసంచి, యోని, మూత్రం. ఇవేం బూతులు కాదమ్మాయ్. ముక్కు, చెవి అన్నట్టే అను," అన్నారు డాక్టరమ్మ నాతో.

పరీక్ష చేసి, మంటకు మందులు రాశాక అమ్మను తిట్టారు. "లీకవుతుందని నీళ్లు మానేశావా? కాలవకి నీళ్లాపేస్తే తూము బాగవుద్దా?"

మూత్రం ఆపుకునేటప్పుడు లోపల బిగుసుకునే కండరాలను ఎలా బిగించాలో, ఎలా వదలాలో నేర్పారు. అమ్మ బిగించినప్పుడల్లా ఊపిరి కూడా బిగబట్టేది.

"బిగించాల్సింది మొహం కాదు తల్లీ. నువ్వు చర్చిలో పాడతావుగా, పాడు."

"ఇక్కడా అండీ?"

"బయట కూర్చున్నవాళ్లకీ కాలక్షేపం."

పాడేటప్పుడు ఊపిరి బిగబట్టడం కుదరదు. ఒక లైను పాడుతూ బిగించాలి, తర్వాతి లైనుకి పూర్తిగా వదిలెయ్యాలి. అమ్మ సన్నగా ఎత్తుకుంది. డాక్టరమ్మ బల్ల మీద తాళం వేశారు. తర్వాత తెలిసింది, ఈ ఇబ్బందితో వచ్చే ఆడవాళ్లందరి చేతా ఆవిడ ఇలాగే పాడిస్తారట. భజనలు వచ్చినవాళ్ల చేత భజనలు, మా పక్కింటి సాయిబు గారి కోడలి చేత జోలపాట.

వెంటనే ఏమీ తగ్గలేదు. కొన్ని నెలలు పట్టింది. వెళ్లినప్పుడల్లా బీపీ చూడకముందే ఆవిడ అడిగే మాట ఒకటే: "నవ్వుతున్నావా?"

పిన్నికి నెలసరి ఎక్కువగా అవుతుంటే, "పిల్లలు పుట్టేశారుగా, నాదీ తీసేయండి," అని కూర్చుంది. "పిల్లలు పెద్దాళ్లయ్యారని ఇల్లు కూలగొట్టుకుంటావా?" అన్నారు డాక్టరమ్మ. పిన్నికి మందులతోనే తగ్గింది. "అవసరమైతే నేనే తీయించేస్తాను. తీశాక ఎలా ఉన్నావని అడిగే మనిషి కూడా ఉండాలి," అనేవారు. మా అమ్మకు ఆ మనిషి ఆవిడే.

డాక్టరమ్మ భూస్థాపన ఆరాధనకి బయల్దేరే ముందు అమ్మ పెద్ద గ్లాసుడు మంచినీళ్లు తాగింది. చర్చిలో తలుపు దాటి, వరసలు దాటి, శవపెట్టె పక్కన నిలబడి పాట ఎత్తుకుంది. మొదటి లైను పాడగానే ముందు వరసలోని ఆడవాళ్ల వెన్నులు నిటారుగా లేచాయి. రెండో లైనుకి భుజాలు దిగాయి. మూడో లైనుకి మళ్లీ లేచాయి. వెనక వరసల్లోనూ అంతే. జోలపాట కోడలు కూడా, ఆ పాట రాకపోయినా.

అమ్మ అది చూసింది. గొంతు వణికింది. ఏడుపనుకున్నాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్లలోంచి నీళ్లు కారుతుండగా అమ్మ నవ్వుతోంది. తలుపు వైపు చూడలేదు. నిలబడ్డచోటే నిలబడి, ఆ నవ్వు తీరేదాకా నవ్వి, తర్వాతి లైను అందుకుంది.