చుట్టు తిరిగొచ్చినవాడిదే టీ

చిన్న విమానాలు నడపడం నేర్పే ఆ క్లబ్బులో అతన్ని అందరూ అల్లుడుగారనే పిలుస్తారు. క్లబ్బు మామగారిది. ఉంటున్న ఇల్లు మామగారిది. పొద్దున నడుపుకొచ్చే కారు కూడా మామగారిదే. కొత్తగా చేరిన కుర్రాళ్ళు సార్ అని మొదలుపెట్టి, వారం తిరక్కుండానే అల్లుడుగారూ అంటారు. అతనూ పలుకుతాడు. ఒకప్పుడు వేరే చోట పొలాలకు మందు చల్లే విమానం నడిపేవాడు. ఆ కంపెనీ మూతపడ్డాక, కొన్నాళ్ళకే కదా అనుకుని భార్యతో ఇక్కడికి వచ్చాడు. కూతురు పుట్టింది, బడికి వెళ్ళింది, పొడుగైంది. ఆ కొన్నాళ్ళు మాత్రం అయిపోలేదు.

అతను నేర్పేదాంట్లో సగం ఒక్క మలుపు గురించే. దిగబోయే విమానం రన్‌వేకి ఎదురుగా తిరిగే ఆఖరి మలుపు. వెనకనుంచి గాలి తోస్తే విమానం రన్‌వే వరసను దాటి అవతలికి పోతుంది. అప్పుడు మనిషికి తోచేది ఒకటే, కాలితో పెడలు తొక్కి ముక్కును బలవంతాన లోపలికి తిప్పడం. ముక్కు కిందికి వాలుతుంది. దాన్ని ఎత్తడానికి చేతిలోని స్టిక్కు వెనక్కి లాగుతారు. లోపలివైపు రెక్క గాలి మీద పట్టు వదిలేస్తుంది, విమానం బొంగరమైపోతుంది. పైన ఆకాశంలో అయితే సర్దుకోవచ్చు. అక్కడ, ఇళ్ళ కప్పుల మీద, సర్దుకోవడానికి ఎత్తుండదు.

"దాటితే దాటనీ," అని ప్రతివాడికీ చిలక్కి చెప్పినట్టు చెబుతాడు. "ఇంజన్ పూర్తిగా ఇచ్చి, రెక్కలు సమం చేసి పైకెళ్ళిపో. చుట్టు తిరిగి మళ్ళీ రా. రన్‌వే ఎక్కడికీ పారిపోదు."

అందరూ తలూపుతారు. కానీ చుట్టు తిరిగొచ్చినవాడు ఆ పూట అందరికీ టీ పోయించాలన్నది మామగారు పెట్టిన సరదా. వాడు దిగేసరికి విమానాలు నిలిపే హాంగర్ ముందు బెంచీ మీదున్నవాళ్ళు స్పూన్లతో గ్లాసులు మోగిస్తారు. "ఏం బాబూ, రన్‌వే నచ్చలేదా? వేరేది చూపించమంటావా?" టీ ఎవరికీ బరువు కాదు, ఆ మోతే బరువు. అది తప్పించుకోవడానికి కుర్రాళ్ళ కాలు పెడలు మీదికి జారడం పక్క సీట్లోంచి అతను ఎన్నిసార్లు చూశాడో. మామగారితో ఆ మాట అంటే, "సరదా లేకపోతే క్లబ్బెందుకయ్యా, ఆసుపత్రి పెట్టుకుందాం," అన్నాడాయన.

ఆ శనివారం మామగారే విమానం ఎక్కాడు. కంటి ఆపరేషన్ తర్వాత మళ్ళీ ఎగరడం అదే మొదలు. ఆదివారం మనవరాల్ని తిప్పుతానని మాటిచ్చాడు. దానికి ముందు ఇన్‌స్ట్రక్టర్ని పక్కన పెట్టుకుని ఎగిరి చూపించాలి, అతను సరేనని సంతకం పెట్టాలి. ఇన్‌స్ట్రక్టరు అల్లుడే.

"భయపడకు, నిన్ను క్షేమంగా దించుతా," అంటూ బెంచీవాళ్ళకు వినబడేలా నవ్వాడు మామగారు. చిన్నది తాత టోపీ పెట్టుకుని చెయ్యి ఊపింది.

ఆఖరి మలుపు దాకా అంతా బాగానే ఉంది. ఎడమకు తిరుగుతుంటే వెనక గాలి తోసింది.

"దాటుతున్నాం మామగారూ."

"కనబడుతోందయ్యా. కన్ను బాగుచేయించుకున్నాగా."

ఎడమ పెడలు మీద ఆయన నల్లబూటు మెల్లగా దిగింది. స్టిక్కు వెనక్కి వచ్చింది. వేగం పడిపోతోందని హారన్ సన్నగా ఏడుపు మొదలుపెట్టింది.

"కాలు తియ్యండి."

తియ్యలేదు. ఆయన కళ్ళు బెంచీ మీద ఉన్నాయి. ఇన్నేళ్ళు ఆ ఇంటి ఉప్పు తిన్న అల్లుడి చెయ్యి ఒక్క క్షణం తటపటాయించింది. తర్వాత, "వదలండి!" అని అరిచి స్టిక్కు ముందుకు తోశాడు. ముందున్న రెండు సీట్ల పెడళ్ళూ కలిపే ఉంటాయి, ఒకచోట తొక్కితే రెండోచోటా కదులుతాయి. కుడి పెడలును అతను తొక్కుతుంటే ఎడమదాని మీద ఆయన కాలు అలాగే బిగుసుకుని ఉంది. కప్పుల మీద ఆరేసిన బట్టల రంగులు కనబడుతున్నాయి. ఆయన కాలు సడలింది. రెక్కలు సమమయ్యాయి, ఇంజన్ గర్జించింది, విమానం బెంచీ మీదుగా పైకి లేచింది.

రెండోసారి అల్లుడే దించాడు. గ్లాసులు మోగుతూనే ఉన్నాయి. మామగారు కిందికి దిగి చొక్కా సర్దుకున్నాడు.

"అల్లుడుగారికి భయమేసిందర్రా! టీ ఆయనదే."

అందరితోపాటు చిన్నదీ నవ్వింది. "నిజంగా భయపడ్డావా నాన్నా?"

"భయపడ్డానమ్మా," అని అందరికీ టీ చెప్పాడు.

హాంగర్‌లో ఎవరూ లేకుండా చూసి మామగారు పెన్ను చాపాడు. "కానియ్యి."

"పెట్టలేను మామగారూ. రేపు నేనూ పక్కన కూర్చుంటానంటే సరే."

"మనవరాలి ముందు నాకు కాపలానా?"

"కాలు తియ్యమంటే తియ్యలేదు మీరు."

"నా క్లబ్బులో, నా విమానంలో..." ఆయన మాట మింగేసి పెన్ను జేబులో పెట్టుకున్నాడు. "రేపు లేదని దానికి నువ్వే చెప్పుకో. సోమవారం నుంచి ఇంకో ఇన్‌స్ట్రక్టర్ని చూసుకుంటాను."

మధ్యాహ్నం భోజనాల దగ్గర ముగ్గురే కూర్చున్నారు. రేపు ఎగరడం లేదని విన్న చిన్నది గది తలుపు వేసుకుంది. మామగారు కంచంలోంచి తలెత్తలేదు. ఆయన లేచి వెళ్ళాక భార్య గొంతు తగ్గించి అడిగింది.

"నాన్నగారి పరువు తీశారట. ఒక్క సంతకానికేం పోయింది?"

"పరువు నాదే పోయింది. టీ కూడా పోయించాను."

"వెటకారం వద్దు. మనం ఎక్కడికి పోతామండీ?"

"తెలీదు."

"నిజం చెప్పండి. అంత ప్రమాదమా?"

పక్క గదిలో టీవీ మోగుతోంది. మామగారు దాని ముందే ఉన్నాడు.

"కింద ఆరేసిన చీరల అంచులు కనబడ్డాయి," అన్నాడతను.

ఆమె కంచాలు తీసింది.

ఆదివారం ఆకాశంలో ఒక్క మబ్బు లేదు. నలుగురూ ఇంట్లోనే ఉన్నారు. ఎవరి గదిలో వాళ్ళు. అతను ముందుగదిలోకి వచ్చేసరికి చిన్నది కిటికీ ఊచలు పట్టుకుని నిలబడి ఉంది. వెనక్కి తిరక్కుండానే అంది.

"ఇవాళ గాలే లేదు."

"లేదు," అన్నాడతను. ఇంకేదో చెప్పాలని నోరు తెరిచి, గోడ అవతల తాత దగ్గడం విని ఊరుకున్నాడు. కూతురి జడ ఒక పక్క ఊడిపోయి ఉంది. దగ్గరికి వెళ్ళి అల్లడం మొదలుపెట్టాడు. అది తల విదిలించుకుంది కానీ, కిటికీ దగ్గర్నుంచి మాత్రం కదల్లేదు.