దుప్పటికి రెండో కొస

ఒక్క దుప్పటితో ఒక మనిషి ప్రభుత్వాన్నే బోల్తా కొట్టించాడంటే నమ్ముతారా? ఆ మనిషి మా మేడమీద గదిలోనే ఉంటాడు. కావాలంటే చూపిస్తాను.

సరే, ప్రభుత్వం అన్నది కాస్త పెద్ద మాట. ముగ్గురు మనుషుల కమిటీ. అందులో ఒకాయన కునుకు తీశాడు కాబట్టి ఆయన్ని తీసేసినా తప్పులేదు. బోల్తా కొట్టించాడన్నది కూడా నిలబడదేమో. చివరికి బోల్తా పడింది ఎవరో మీరే చెబుదురుగాని. దుప్పటి మాత్రం నిజం. తెల్లది, జంట మంచం మీద పరిచేది. అబద్ధమాడితే నాలుక నల్లబడుతుందని చిన్నప్పుడు మా కాన్వెంటులో సిస్టర్ చెప్పేది. రోజూ పళ్లు తోముకునేటప్పుడు అద్దంలో చూసుకుంటూనే ఉన్నాను. ఇంకా ఎర్రగానే ఉంది.

అతను మా కోడలి తమ్ముడు. మా మనవలు మేడమీద మామయ్య అంటారు. పూర్వం సర్వే ఆఫీసులో పటాలు గీసేవాడు. వాగు వంకర ఎక్కడ తిరిగిందో వెంట్రుకంత గీతతో చూపించే చెయ్యి. తర్వాత జబ్బు చేసింది. ఎవరూ లేని గదిలో గొంతులు వినిపించేవి. ఆస్పత్రిలో చేర్చారు, ఇంటికి తెచ్చారు, మళ్లీ చేర్చారు. చివరికి ఏవో మందులు పట్టాయి. గొంతులు తగ్గాయి, చెయ్యి వణకడం మొదలైంది. మళ్లీ పటాలు గీయలేదు.

గొంతులు పోయినందుకు మేమంతా సంతోషించాం. అతన్ని అడగలేదు. ఒకసారి తనే అన్నాడు, "అవి తిట్టేవే అనుకోండి మావయ్యగారూ. కానీ పేరు పెట్టి పిలిచేవి."

మా ఇంట్లో అతన్ని పల్లెత్తు మాట అనేవాళ్లు లేరు. వచ్చిన చిక్కే అది. అనరు, అడగరు, పోట్లాడరు. గాజు సామాను మోస్తున్నట్టు మాట్లాడతారు. అన్నానికి కిందికి దిగుతాడు. మా కోడలు వడ్డిస్తూ "చాలా?" అంటుంది. "చాలు" అంటాడు. కంచం కడిగి బోర్లించి పైకి వెళ్లిపోతాడు. పైన గదిలో ఒక మంచం, మందుల డబ్బా పెట్టుకునే బల్ల, నిలువెత్తు చెక్క అల్మారా. అల్మారా తలుపు బిగుతు. వేస్తే పట్టేస్తుంది, తీయాలంటే మోకాలు అడ్డం పెట్టి లాగాలి.

ఇలాంటి వాళ్లకి ఉద్యోగం చూపించే సంస్థ ఒకటుందని మా కోడలికి ఎవరో చెప్పారు. చాపలల్లే కేంద్రంలో ఓ మూల కూర్చోబెట్టే రకం కాదు. అందరూ చేసే చోటే పని, అందరికీ ఇచ్చే జీతమే. కాకపోతే మొదట్లో పక్కన ఒక తోడు మనిషి ఉంటాడు. అతని జీతం మాత్రం ప్రభుత్వం ఇచ్చే నిధిలోంచి వస్తుంది. అలా మా మేడమీద మనిషికి ఒక పెద్ద హోటలు లాండ్రీలో పని దొరికింది.

తోడుగా వచ్చినాయన అంతకుముందు సిటీ బస్సు కండక్టరు. ఉద్యోగం మారినా గొంతు మారలేదు. లాండ్రీ హాలు గుమ్మంలో అడుగుపెడుతూనే "జరగాలి, జరగాలి, లోపల చాలా ఖాళీ ఉంది" అనేవాడట. ఆయన చేసిన పనులు చెబితే పెద్దగా కనిపించవు. రాత్రి వేసుకునే మాత్రల మత్తు తెల్లారాక కూడా దిగదని సూపర్‌వైజరమ్మకి నచ్చజెప్పి, ఇతని డ్యూటీ కాస్త ఆలస్యంగా మొదలయ్యేలా మార్పించాడు. ఆవిరి బుసకొట్టే ఇస్త్రీ మిషను దగ్గర్నుంచి కిటికీ వైపు బల్లకి మార్పించాడు. మనసు బాగోలేని రోజున వెనక మెట్ల మీద పక్కనే కూర్చునేవాడు. అన్నిటికంటే ముఖ్యం, గాజు సామాను మోసేవాడు కాదు.

"ఏంటి గురూ, ఇవాళ ఇస్త్రీ దుప్పటికి కాదు, నీ మొహానికి చెయ్యాలి."

"మీ చొక్కాకి చేశాక చూద్దాం."

మా కోడలి తమ్ముడు ఎదురు మాట అనడం ఎన్నేళ్ల తర్వాతో. ఆ సంగతి కండక్టరు చెబితే మా కోడలు కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

ఇక దుప్పటి సంగతి. తువ్వాళ్లు, దిండు గలీబులు ఒక్కరే మడిచేయొచ్చు. జంట మంచం దుప్పటికి ఇద్దరు కావాలి. చెరో వైపు కొసలు పట్టుకుని దులపాలి, ఎదురెదురుగా నడిచి వచ్చి కొసలు అందించుకోవాలి, మళ్లీ వెనక్కి వెళ్లాలి. హాల్లో అందరికీ జంటలున్నారు. ఇతనికి జంటగా ఎవరూ రాలేదు. భయమనలేను, మొహమాటం. అందుకని కండక్టరు వచ్చిన రోజున పెద్ద దుప్పట్లన్నీ ఈ ఇద్దరివి. కండక్టరు దగ్గరికొచ్చిన ప్రతిసారీ కథలో ఒక ముక్క చెప్పి వెనక్కి వెళ్లేవాడు.

"ఒకాయన నిలువుటద్దం పట్టుకుని బస్సెక్కాడు గురూ." మడత. "పక్కనున్న పెద్దావిడ అద్దంలోకి చూసి, కాస్త జరగమ్మా అంది." మడత. "అద్దంలో ఆవిడ కూడా జరగమ్మా అంటోందాయె!"

రోజు మొత్తంలో ఇంకో మనిషి చెయ్యి తన చేతికి తగిలేది అప్పుడే. ఇది నా ఊహ కాదు. మా ఇంట్లో అతన్ని ముట్టుకునే వాళ్లెవరని ఆలోచిస్తే నాకెవరూ తోచలేదు.

పని నేర్చుకున్నకొద్దీ తోడు తగ్గించాలన్నది ఆ పథకం పద్ధతి. మొదట కండక్టరు రోజూ వచ్చేవాడు. తర్వాత రోజు విడిచి రోజు. తర్వాత వారానికోసారి. పని పూర్తిగా వచ్చేసిందంటే కండక్టరు ఇంక రాడు, ఆ నిధి ఇంకొకరికి వెళుతుంది. కుంటుతున్నవాడికి కర్ర ఇస్తారు, కర్రతో నడిచాడు కదా అని కర్ర తీసుకుంటారు. న్యాయమే. కర్రలు తక్కువ, కుంటేవాళ్లు ఎక్కువ.

సరిగ్గా అప్పుడే మావాడి చేతుల్లోంచి దుప్పట్లు జారడం మొదలైంది. అదీ కండక్టరు వచ్చిన రోజునే. మిగతా రోజుల్లో గలీబులు అచ్చు గుద్దినట్టు మడిచేవాడు. సూపర్‌వైజరమ్మకి అంతుపట్టలేదు. "నువ్వు రాకపోతే బంగారంలా చేస్తాడు. నువ్వొస్తే చేతులు రావు. ఏం మందు పెడుతున్నావయ్యా?" అని కండక్టర్ని నిలదీసింది.

"నా అందం చూసి కంగారు పడుతున్నాడేమోనమ్మా" అన్నాడు కండక్టరు, బట్టతల తడుముకుంటూ.

పెద్ద దుప్పట్లు ఇంకా తోడు లేకుండా చేయలేడని సంస్థకి చెప్పేవాడు. తోడు కొనసాగేది.

ఇందులో కిటుకు నాకు తెలిసింది ఒక సెలవు రోజు మధ్యాహ్నం. ఆరేసిన తువ్వాలు తెచ్చుకుందామని మేడెక్కాను. కిటికీలోంచి చూస్తే అతను గదిలో దుప్పటి మడుస్తున్నాడు. ఒక్కడే. ఒక వైపు అంచుని అల్మారా తలుపు సందులో ఇరికించి తలుపు బిగించాడు. రెండో వైపు కొసలు పట్టుకుని గోడ దాకా వెనక్కి నడిచాడు. దులిపాడు. దుప్పటి బిర్రుగా నిలిచింది. అల్మారా వైపు నడిచి వచ్చాడు, కొసలు కలిపాడు. అక్కడ కాసేపు ఆగాడు. అల్మారా ఏదో చెబుతుందన్నట్టు దాని మొహంలోకి చూశాడు. మళ్లీ వెనక్కి వెళ్లాడు.

మడత ఎంత చక్కగా కుదిరిందో చెప్పను, చెబితే మీరు నన్ను నమ్మడం మానేస్తారు. తువ్వాలు తీసుకోకుండానే కిందికి దిగొచ్చాను. ఎవరికీ చెప్పలేదు. నా నోట్లో నువ్వుగింజ నానదని మా ఆవిడ అనేది. ఆ ఒక్కసారీ నానింది.

ఆ తర్వాత కమిటీ వచ్చింది. పథకానికి నిధి కొనసాగించాలా, ఆపేయాలా అని చూడ్డానికి. ఇంటి తరఫున ఒకరు రావాలన్నారు. మా కోడలికి సెలవు దొరక్క నన్ను పంపింది. "మావయ్యగారూ, మీ కథలు మాత్రం చెప్పకండి" అని చేతిలో చెయ్యి వేయించుకుని మరీ పంపింది.

లాండ్రీ హాలంతా వెచ్చటి తడి వాసన. గోడ పక్కన కుర్చీలు వేశారు. కమిటీ పెద్దాయన, ఒక ఆఫీసరమ్మ, ఆ వెచ్చదనానికి అప్పుడే కళ్లు వాలుస్తున్న మూడో ఆయన. మావాడూ కండక్టరూ దుప్పటి పట్టుకున్నారు. ఎదురెదురుగా వచ్చారు. మావాడి చేతిలోంచి కొస జారింది. మళ్లీ పట్టారు. మళ్లీ జారింది. మేడమీద చూసింది చెప్పేద్దామని కుర్చీలోంచి సగం లేచి, మళ్లీ కూర్చున్నాను. చెప్పకూడదని మాటిచ్చాను కదా!

ఆఫీసరమ్మ మంచి మనిషే. గొంతు పెంచకుండా అంది, "మేం దుప్పటి ఉన్నంత మేరకే కాళ్లు చాపుకోవాలి బాబూ. ఇన్నాళ్లు ఒక మనిషిని పక్కన పెట్టి నేర్పించినా ఇంతేనంటే, ఈ పథకం పనిచేస్తోందని పైవాళ్లకి ఏమని చెప్పమంటారు? ఇక్కడితో ఆపేసి ఆ డబ్బు మందులకిస్తే నయమేమో."

"ఆపేస్తే మిగతావాళ్లండీ?" అన్నాడు కండక్టరు. "బస్ డిపో వెనక వీధిలో ఒకమ్మాయి ఉంది. కుట్టుపని అద్భుతంగా వచ్చు. గుమ్మం దాటడానికే భయం. తోడొస్తే దాటతానంటోంది."

"మీ మనిషి దుప్పటే దాటలేదు కదయ్యా" అన్నాడు కమిటీ పెద్దాయన.

మావాడు తలొంచుకుని నిలబడ్డాడు. వాడి లెక్క ఎక్కడ తప్పిందో అప్పుడర్థమైంది నాకు. పని వచ్చని చూపిస్తే తన తోడు పోతుందని భయపడ్డాడు. రాదని చూపిస్తే అందరి తోడూ పోతుందని పాపం తట్టలేదు.

కండక్టరు గొంతు సవరించుకున్నాడు. "ఇతని తప్పేం లేదండి. నాకే నేర్పడం చేతకాలేదు."

అప్పుడు తలెత్తాడు మావాడు. కండక్టరు చేతుల్లోంచి దుప్పటి కొసలు మెల్లిగా తీసుకున్నాడు. హాలు చివర ఇనుప అల్మారా ఉంది. దాని తలుపు తీసి, అంచు సందులో పెట్టి, భుజంతో నెట్టి బిగించాడు. వెనక్కి నడిచాడు. దులిపాడు. దుప్పటి ఒక్కసారి గాలి పీల్చుకుని చదునైంది. ముందుకొచ్చాడు, మడిచాడు, వెనక్కెళ్లాడు. ఇస్త్రీ మిషను దగ్గరివాళ్లు పని ఆపి చూశారు. వచ్చిన ప్రతిసారీ ఆ ఇనుప తలుపు ముందు ఓ క్షణం ఆగాడు. కమిటీవాళ్లు అది జాగ్రత్త అనుకుని ఉంటారు.

మడిచిన దుప్పటి గుండెకి హత్తుకుని నిలబడ్డాడు. ఆఫీసరమ్మ చప్పట్లు కొట్టింది. పెద్దాయనా కొట్టాడు. ఆ చప్పుడుకి మూడో ఆయన లేచి అందరికంటే గట్టిగా కొట్టాడు.

బయట మెట్ల మీద కండక్టర్ని అడిగాను. "మీకు ముందే తెలుసా?"

"కొస జారిపోవడం వేరండీ, వదిలేయడం వేరు. అవతలి చేతికి తెలియకుండా పోతుందా?" అన్నాడు. "ఒక్క ప్యాసింజరున్నా బస్సు తిప్పుతారు కదా అనుకున్నాను."

పథకం నిలిచింది. మావాణ్ని చూపించి, పనిచేస్తోందని పైకి చెప్పారు. కండక్టరు డిపో వెనక వీధికి వెళుతున్నాడిప్పుడు. ఆ అమ్మాయి గుమ్మం దాటిందట. వెళ్లే ముందు రోజు ఇద్దరూ చివరి దుప్పట్ల కట్ట మడిచారు. అద్దం కథ మిగిలిపోయింది. అద్దంలో ఆవిడకి టికెట్టు ఉందో లేదో చూడమని పెద్దావిడ కండక్టర్ని పిలిచేదాకా వచ్చింది, కట్ట అయిపోయింది.

ఇప్పుడు లాండ్రీలో అతని జంట ఇనుప అల్మారా. సూపర్‌వైజరమ్మ తలుపు అంచుకి గుడ్డ చుట్టించింది, తుప్పు మరక అంటకుండా. జీతం పెరిగింది. ఇంటికొచ్చి, అన్నం తిని, కంచం బోర్లించి, పైకి వెళ్లిపోతాడు. పాత చెక్క అల్మారా తలుపు పట్టేసిన చప్పుడు ఒక్కోసారి కిందికి వినిపిస్తుంది. మా కోడలు తల పైకెత్తి, మళ్లీ పనిలో పడుతుంది.

ఒకరోజు నేనే మేడెక్కి, "రెండో కొస నేను పట్టుకుంటాలే అబ్బాయ్" అన్నాను. పట్టుకున్నాను. ముందుకు రెండడుగులు వేసేసరికి మోకాలు కలుక్కుమంది, కొస నా చేతిలోంచి నిజంగానే జారింది. అతను నవ్వలేదు. వంగి తీసి నా చేతికిచ్చాడు.

"మావయ్యగారూ, కండక్టరు టికెట్టు కొట్టి ఉంటాడంటారా?"

"కొట్టాడు. అద్దంలో ఆవిడ ముసలావిడ కదా, సగం టికెట్టు."

"మీరు చెబితే నమ్మను" అన్నాడు.

ఇదంతా రాసి, నిన్న సాయంత్రం అతనికి చదివి వినిపించాను. మంచం అంచున కూర్చుని, అల్మారా వైపు చూస్తూ, చివరిదాకా విన్నాడు.

"ఇందులో ఒక్క ముక్క నిజం లేదు" అన్నాడు. "నేనెప్పుడూ ఏ దుప్పటీ కావాలని వదల్లేదు. ఆ అల్మారా సంగతి మీరు పుట్టించారు. ఒక్కడి వల్ల ఎక్కడవుతుంది మావయ్యగారూ? అది ఇద్దరు చేసే పని."